లోనావాలాలో ఏం జరిగితే మనకెందుకు?

తెనాలి మండలం కొలకలూరు నాకు కొత్త ఊరు కాదు. మా మేనత్తది ఆ ఊరే. గుంటూరు - తెనాలి లైనులో ఒక చిన్న స్టేషను, చుట్టూ మాగాణి, పరిషత్తు నాటక పోటీల్లో 'శ్రీ సాయి ఆర్ట్స్' సమాజం తెచ్చిపెట్టిన పేరు, ఇవీ ఆ ఊరి గుర్తులు. 2025 డిసెంబరులో రెండు రోజులు అక్కడున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇరుగు పొరుగు ఆడవాళ్ళు అయిదారుగురు అత్తయ్య ఇంటికి చేరారు. ఇంటి కోడలు టీవీలో 'ది ఫ్యామిలీ మ్యాన్' పెట్టింది. మూడో భాగం నవంబరు 21న విడుదలైంది కాబట్టి, కథ మర్చిపోయామని మొదటి నుంచి మళ్ళీ చూస్తున్నారట.

మొదటి భాగం (2019) చివరికొచ్చింది. గూఢచారి భార్య ఆఫీసు పని మీద తోటి ఉద్యోగితో కలిసి లోనావాలా వెళ్తుంది. ఆ రాత్రి అక్కడే ఉండిపోవాల్సి వస్తుంది. తర్వాత ఏం జరిగిందో చూపించకుండా కథ ముందుకు పోతుంది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. 'ఏదో జరిగే ఉంటదిలే' అని ఒకామె, 'ఏం జరగలేదు, మొహం చూడు' అని ఇంకొకామె. ఇదంతా వింటూ కూర్చున్న మా మేనత్త, డెబ్భై దాటిన మనిషి, మెల్లగా అంది: "అది సరేనమ్మా, మొదటి నించీ ఆ మొగుడు పెళ్ళాం బిడ్డలకి అబద్ధాలే చెప్తన్నాడు గదా. ఆయన్ని అడిగే వాళ్ళే లేరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇన్నేళ్ళుగా కోట్లాది ప్రేక్షకులు, పత్రికలు, సామాజిక మాధ్యమాలు 'లోనావాలాలో ఏం జరిగింది?' అని అడిగారు. ఆ పాత్రలు వేసిన ప్రియమణి, శరద్ కేల్కర్‌లు ఇంటర్వ్యూలకు వెళ్ళిన చోటల్లా ఇదే ప్రశ్న ఎదుర్కొన్నారు. మా అత్తయ్య అడిగిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. ఈ తేడా గురించే ఈ వ్యాసం.

రెండు రహస్యాలు, రెండు న్యాయాలు

కథ తెలియని వారి కోసం నాలుగు మాటలు. తిరుపతి, చిత్తూరు ప్రాంతం నుంచి వెళ్ళి హిందీ రంగంలో స్థిరపడిన ఇద్దరు తెలుగువాళ్ళు, రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె., తీసిన ధారావాహిక ఇది. శ్రీకాంత్ తివారి అనే మధ్యతరగతి ఉద్యోగి ఒక రహస్య నిఘా విభాగంలో పని చేస్తుంటాడు. ఇంట్లో మాత్రం తనది ఏదో ప్రభుత్వ కార్యాలయంలో కుర్చీ ఉద్యోగమని చెప్తాడు. బయట టెర్రరిస్టులు, ఇంట్లో ఇ.ఎం.ఐ.లు, స్కూలు నుంచి పిల్లల మీద ఫిర్యాదులు. ఈ రెండింటి మధ్య నలిగిపోయే మగవాడి అవస్థే ఇందులో హాస్యం. భార్య సుచిత్ర లెక్చరరు. ఆ పనిలో ఎదుగుదల లేదనిపించి, పరిచయస్తుడొకాయన ప్రోత్సాహంతో ఒక కొత్త కంపెనీలో చేరుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. భర్త ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పడు. ఎప్పుడొస్తాడో చెప్పడు. ఇంటికి ముప్పు వాటిల్లే పనులు చేస్తాడు, ఆ ముప్పు గురించి కూడా చెప్పడు. ఇదంతా చూసి మనం నవ్వుతాం, జాలిపడతాం, చివరికి గర్వపడతాం. ఎందుకంటే అతని అబద్ధం దేశం కోసం. భార్య ఒక రాత్రి గురించి నోరు విప్పదు. ఆమె మౌనం ఉత్కంఠ అవుతుంది, అనుమానం అవుతుంది, నేరం అవుతుంది. 2021 జూన్ 4న విడుదలైన రెండో భాగం పొడుగునా ఆమె ముఖాన అపరాధ భావం పులిమి ఉంచారు. దంపతులిద్దరూ కౌన్సెలరు దగ్గరకు వెళ్ళే సన్నివేశం మంచి హాస్య సన్నివేశమే, ఒప్పుకుంటాను. కాని అక్కడ కూడా మనం భర్త విసుగుతో మమేకమవుతాం, భార్య అసంతృప్తితో కాదు. ఆఖరికి ఆమె ఏడుస్తూ ఏదో చెప్పబోతుంది. కథ అక్కడ ఆగిపోతుంది. అంటే ఒక స్త్రీ వాంగ్మూలం కోసం ప్రేక్షక లోకమంతా ఎదురు చూడాలన్నమాట. భర్త వాంగ్మూలం ఎవరికీ అవసరం లేదు.

అబద్ధం మగవాడి వృత్తి, రహస్యం ఆడదాని పాపం. ఈ ఒక్క సూత్రం మీద ఆ కుటుంబ కథ అంతా నిలబడి ఉంది.

అదే రెండో భాగంలో ఇంకొకటి జరుగుతుంది. కూతురు స్కూలు చదువుల వయసు పిల్ల. ఒక కుర్రాడితో స్నేహం చేస్తుంది. ఆ కుర్రాడు పేరు మార్చుకుని, మతం దాచుకుని, ఆమెను ఎత్తుకుపోవడానికే వచ్చినవాడని తర్వాత తెలుస్తుంది. దేశంలో 'లవ్ జిహాద్' అనే విష ప్రచారం చట్టాలుగా మారుతున్న రోజుల్లో ఈ మలుపు అమాయకమైనదని నేననుకోను. అంతకన్నా ముఖ్యంగా చూడాల్సింది, తల్లి మనసు ఇంటి బయట ఉంది, కూతురు ప్రేమలో పడింది, కాబట్టి ఇల్లు కూలింది, దేశానికి ముప్పు వచ్చింది అనే వరస. తండ్రి ఏళ్ళ తరబడి ఇంట్లో లేకపోవడం ఈ వరసలో ఎక్కడా కనిపించదు. ఆడవాళ్ళ మనసే దేశ భద్రతలో పడిన కంత అన్నట్టుగా కథ నడుస్తుంది.

దుర్ముఖుడి వారసులు

ఇది ఈ ధారావాహిక కనిపెట్టింది కాదు. మన సంప్రదాయంలో గూఢచారికి, భార్య శీలానికి ఉన్న సంబంధం చాలా పాతది. భవభూతి 'ఉత్తర రామచరితం' మొదటి అంకంలోనే దుర్ముఖుడనే చారుడు వచ్చి, సీత పరాయి ఇంట్లో ఉండటం గురించి జనం ఏమనుకుంటున్నారో రాముడి చెవిలో వేస్తాడు. శత్రు రాజు కదలికలు కనిపెట్టాల్సిన నిఘా వ్యవస్థ తెచ్చిన వార్త అది. ఫలితం, నిండు గర్భిణి అడవి పాలు. 1963లో 'లవకుశ' చూసి తెలుగునాట ఆడవాళ్ళు కంటికి మంటికి ఏకధారగా ఏడ్చారు. సీత కోసం ఏడ్చాం, కాని చారుణ్ణి పంపిన రాజ్యాన్ని తప్పు పట్టలేదు. లంకలో ఏం జరిగింది? లోనావాలాలో ఏం జరిగింది? ప్రశ్న అదే, ఊరు మారింది.

సినిమాల్లో గూఢచారికి పుట్టినిల్లు ఒక విధంగా ఈ తెనాలి మండలమే. కొలకలూరు ఉన్న మండలంలోనే ఉన్న బుర్రిపాలెం నుంచి వచ్చిన కృష్ణ, 1966లో 'గూఢచారి 116'తో ఆంధ్రా జేమ్స్ బాండ్ అయ్యాడు. ఆ తర్వాత 'జేమ్స్ బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978) ఇలా ఒక వరుసే వచ్చింది. మా చిన్నప్పుడు ఈ సినిమాలు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. వాటిలో గూఢచారి గతం గురించి ఎవరూ అడగరు. అతని చుట్టూ తిరిగే స్త్రీలు మాత్రం రెండే రకాలు: అతన్ని నమ్మి ఎదురుచూసేవారు, అతన్ని వల్లో వేయడానికి వచ్చినవారు. రెండో రకానికి క్లబ్బు డాన్సు, ఆపైన చావు. 2018లో వచ్చిన 'గూఢచారి' సాంకేతికంగా ఎంతో మెరుగైన చిత్రం. అందులోనూ నాయకుడు మనసిచ్చిన అమ్మాయి ప్రేమ చివరికి శత్రువులు పన్నిన వలే అని తేలుతుంది. అరవై ఏళ్ళలో తుపాకులు మారాయి, కెమెరాలు మారాయి. ప్రేమించే స్త్రీని ముందు అనుమానితురాలిగా చూడటం మాత్రం మారలేదు.

'హాస్యాన్ని హాస్యంగా చూడలేరా, స్త్రీవాదులకు నవ్వడం రాదా' అని అడిగేవాళ్ళుంటారు. మాకు నవ్వడం బాగానే వచ్చు. మా మేనత్త మాటకు వసారా అంతా నవ్వింది. మా అభ్యంతరం నవ్వు మీద కాదు, ఎవరి ఖర్చుతో నవ్వుతున్నామనే దాని మీద. హాస్యానికి ఒక శక్తి ఉంది. ఉపన్యాసంలో చెప్తే మనం ఎదిరించే విషయాన్ని నవ్వులో కలిపిస్తే మింగేస్తాం. భర్త అబద్ధాన్ని సహజమని, భార్య మౌనాన్ని అసహజమని మనకు ఎవరూ బోధించలేదు. నవ్విస్తూ అలవాటు చేశారు.

తెర బయటి లోనావాలా

ఈ ధారావాహిక రెండో భాగంలో సమంత ఒక తిరుగుబాటు దళ సభ్యురాలి పాత్ర వేసింది. నటిగా ఆమెకు అది కొత్త మలుపు. నాలుగు నెలల తర్వాత, 2021 అక్టోబరు 2న, తామిద్దరం విడిపోతున్నామని ఆమె, నాగచైతన్య ప్రకటించారు. మా ఏకాంతాన్ని గౌరవించండని ఇద్దరూ కోరారు. మన తెలుగు యూట్యూబు ఛానెళ్ళు ఆ ఒక్క కోరిక తప్ప అన్నీ తీర్చాయి. ఆ పాత్ర వేయడమే విడాకులకు కారణమని తీర్పులిచ్చాయి. తనకు అక్రమ సంబంధాలున్నాయని, పిల్లలు వద్దనుకుందని, గర్భస్రావాలు చేయించుకుందని ప్రచారం చేస్తున్నారని, ఇది తన మీద జరుగుతున్న దాడి అని ఆమె బహిరంగంగా చెప్పుకోవాల్సి వచ్చింది. కొన్ని ఛానెళ్ళ మీద కూకట్‌పల్లి కోర్టుకు వెళ్ళి ఆ వీడియోలు తొలగించే ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒక భార్యాభర్తల బంధం ముగియడానికి కారణం చెప్పమని అడిగే హక్కు ఎవరిచ్చారు? లోనావాలా ప్రేక్షకుడికి ఆ హక్కు అలవాటైపోయింది కాబట్టి అడిగాడు.

నాగచైతన్యను కూడా వదల్లేదు, నిజమే. కాని అతన్ని అడిగిన ప్రశ్నలకు, ఆమెను అడిగిన ప్రశ్నలకు తేడా చూడండి. అతని విషయంలో 'మోసం చేశాడా' అన్నారు. ఆమె విషయంలో దుస్తుల నుంచి గర్భసంచి దాకా అన్నీ విచారణకు పెట్టారు.

తర్వాతి కథ తెనాలి వైపు తిరిగింది. తెనాలిలో పుట్టిన శోభిత ధూళిపాళతో నాగచైతన్యకు 2024 ఆగస్టులో నిశ్చితార్థం, డిసెంబరు 4న పెళ్ళి జరిగాయి. 'మన తెనాలి అమ్మాయి' అని మురిసిపోయిన నోళ్ళే ఆమెను 'కాపురం కూల్చిన మనిషి'గా మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. నిశ్చితార్థం జరిగిన రోజుల్లోనే ఒక జ్యోతిష్కుడు వీళ్ళు కూడా విడిపోతారని వీడియో పెట్టాడు. తెలంగాణ మహిళా కమిషన్ నోటీసు ఇచ్చేదాకా పోయింది, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. సమంత 2025 డిసెంబరు 1న, ఈ ధారావాహిక దర్శకుల్లో ఒకరైన రాజ్ నిడిమోరును పెళ్ళి చేసుకుంది. ఆ మర్నాటి నుంచి పాత తేదీలన్నీ తవ్వి తీసి లెక్కలు కట్టడం మొదలైంది. ఎవరి పాత ప్రేమ ఎప్పుడు ముగిసింది, ఎవరి కొత్త ప్రేమ ఎప్పుడు మొదలైంది! వయసొచ్చిన నలుగురు మనుషుల జీవితాల మీద లక్షలాది అవైతనిక గూఢచారులు తయారయ్యారు. నేను వెళ్ళినప్పుడు కొలకలూరు వసారాలో కూడా ఆ మాటలు దొర్లాయి. మనల్ని మనం మినహాయించుకోవద్దు.

అన్నిటికన్నా బాధాకరమైనది 2024 అక్టోబరు 2 నాటి సంఘటన. తెలంగాణలో గత ప్రభుత్వ హయాంలో ఫోన్లు ట్యాప్ చేశారన్న ఆరోపణల మీద అప్పటికే దర్యాప్తు నడుస్తోంది. రాజ్యం పౌరుల మాటల్ని పొంచి విన్నదా లేదా అనేది ప్రజాస్వామ్యంలో చాలా పెద్ద ప్రశ్న. దాన్ని రాజకీయ ప్రత్యర్థి మీద ఎక్కుపెట్టే ఆవేశంలో మంత్రి కొండా సురేఖ, సమంత విడాకులను మధ్యలోకి ఈడ్చారు. ఆమె అన్న మాటలు ఇక్కడ తిరగరాయను. తన విడాకులు ఇద్దరి అంగీకారంతో జరిగినవని, తన పేరును రాజకీయాల్లోకి లాగొద్దని సమంత బదులిచ్చింది. మంత్రి ఆ వ్యాఖ్యలు వెనక్కి తీసుకున్నారు. దానికి కొద్ది రోజుల ముందే, ఒక సభలో తీసిన ఫొటోకు వక్ర అర్థాలు తీసి తనను సామాజిక మాధ్యమాల్లో అవమానిస్తున్నారని ఆ మంత్రే కంటతడి పెట్టారు. అప్పుడు మన సంఘాలు ఆమె పక్షాన మాట్లాడాయి, మాట్లాడాలి కూడా. కాని తనకు తగిలిన రాయినే తీసి ఇంకో స్త్రీ మీద విసిరితే, అది పితృస్వామ్యం చేతికి మనమే ఆయుధం అందించడం. ఫోను ట్యాపింగు మీద మొదలైన చర్చ ఆ రోజుతో ఒక నటి కాపురం మీద చర్చగా దిగజారింది. లాభపడిందెవరు?

చేతిలో ఫోను, ఇంట్లో గూఢచారి

నటీమణుల సంగతి మనకెందుకు, వాళ్ళు డబ్బున్నవాళ్ళు, వాళ్ళకు లాయర్లుంటారు అనుకోవచ్చు. సరే, మామూలు ఆడవాళ్ళ దగ్గరకు వద్దాం.

కొలకలూరులో ఆ సాయంత్రం ఇంటి కోడలు, పంతొమ్మిదేళ్ళకే పెళ్ళయి వచ్చిన పిల్ల, నాతో ఒక మాట అంది. "మా ఆయన ఫోనుకి లాకుంది అక్కా. నాకు తెలీదు. నా ఫోనుకి మాత్రం ఆయనే లాకు తీసేశాడు. దాచాల్సిందేముంది అంటాడు." ఆ మాటలో ఫిర్యాదు లేదు, అది ఇంటి పద్ధతి అన్నట్టు చెప్పింది. కౌన్సెలింగు కేంద్రాల్లో పని చేసే మిత్రులను అడగండి, ఈ మధ్య వచ్చే కేసుల్లో ఫోను లేని కేసు దొరకదు. కాల్ లిస్టు చూపించలేదని కొట్టడం, వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించావో చెప్పమనడం, పెళ్ళికి ముందు చదువుకున్న కాలేజీ గ్రూపు ఫొటోలో పక్కన నిలబడ్డది ఎవరని రాత్రంతా నిలదీయడం. ఇంకోవైపు, పాత స్నేహితుడు తన దగ్గరున్న ఫొటోలు భర్తకు పంపుతానని బెదిరించడం. భర్త చూసే నిఘా, మాజీ ప్రేమికుడు చేసే బెదిరింపు ఒకే కత్తికి రెండు అంచులు. రెండూ పని చేసేది ఒకే నమ్మకం మీద: స్త్రీకి గతం ఉండకూడదు, ఉంటే దానికి ఆమె కప్పం కడుతూనే ఉండాలి.

ఇది ఊహ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో స్వయంగా వాడుకునే మొబైలు ఫోను ఉన్న స్త్రీలు 54 శాతమే. ఆ ఉన్న ఫోను మీద కూడా అధికారం ఎవరిదో చూశాం. అదే సర్వేలో ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏదో ఒక దానికి భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. సబబే అన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 83 శాతం పైనే. దేశంలో అగ్రస్థానం మనదే. ఆ ఏడు కారణాల్లో ఒకటి ఏమిటో తెలుసా? భార్య మీద భర్తకు అనుమానం రావడం. తప్పు రుజువు కానక్కర్లేదు, అనుమానం చాలు! వినోదం పేరుతో మనకు అలవాటు చేస్తున్నది సరిగ్గా ఈ అనుమానాన్నే.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోవాలి. గృహహింస చట్టం (2005) కింద బాధితురాలి ఫిర్యాదు నమోదు చేసే పత్రంలో, శీలం మీద నిందలు వేయడం మానసిక హింస కింద స్పష్టంగా రాసి ఉంది. 2013లో చట్టంలోకి వచ్చి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షనుగా ఉన్న వెంటాడే నేరం నిర్వచనంలో, ఒక స్త్రీ ఇంటర్నెట్టు, ఈ-మెయిలు, ఇతర ఎలక్ట్రానిక్ సంభాషణలపై మగవాడు నిఘా పెట్టడం కూడా ఉంది. అందులో 'భర్తకు మినహాయింపు' అని ఎక్కడా రాసి లేదు. కాని ఏ పోలీసు స్టేషనుకైనా వెళ్ళి, 'నా భర్త నా ఫోను మీద నిఘా పెట్టాడు' అని చెప్పి చూడండి. ముందు మీకు ఎదురయ్యే ప్రశ్న, 'నువ్వేం చేశావమ్మా?' అనే. మళ్ళీ లోనావాలాయే.

కోర్టులో టేపు రికార్డరు

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరకు వద్దాం. 2008 నాటి న్యాయ నివేదికల్లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటుంది. భార్య ఇతరులతో మాట్లాడిన ఫోను సంభాషణల్ని భర్త రహస్యంగా రికార్డు చేసి విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టబోయాడు. ఆ రికార్డింగు నిజమైనదే అయినా సరే, అలా పొంచి వినడం చట్టవిరుద్ధం, భార్య గోప్యత హక్కుకు భంగం, సాక్ష్యంగా చెల్లదు అని హైకోర్టు తేల్చింది. సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించడానికి దాదాపు పదేళ్ళ ముందే, పెళ్ళి చేసుకున్నంత మాత్రాన స్త్రీ తన మాటల మీద హక్కు వదులుకోలేదని చెప్పిన తీర్పు అది. మన ఉద్యమాలు దాన్ని తగినంతగా ప్రచారం చేయలేదు.

2025 జులై 14న సుప్రీంకోర్టు వేరే దారి పట్టింది. పంజాబ్ నుంచి వచ్చిన కేసులో, భార్యతో తాను మాట్లాడిన మాటల్ని భర్త ఆమెకు తెలియకుండా రికార్డు చేశాడు. హైకోర్టు ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, భార్యాభర్తల మధ్య నడిచే కేసుల్లో ఇలాంటి రికార్డింగులు పరిశీలించవచ్చని చెప్పింది. సాక్ష్య చట్టం 122వ సెక్షను కాపాడేది వివాహ బంధం పవిత్రతనే గాని దంపతుల్లో ఒక్కొక్కరి గోప్యతను కాదన్నది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే స్థితికి వచ్చారంటే ఆ కాపురం అప్పటికే చెడిపోయినట్టు అన్నది కోర్టు భావన.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ తీర్పును గుడ్డిగా వ్యతిరేకించలేం. నాలుగు గోడల మధ్య జరిగే హింసకు సాక్షులెవరుంటారు? అర్ధరాత్రి భర్త చంపుతానని బెదిరిస్తుంటే, కట్నం తెమ్మని బూతులు తిడుతుంటే, దిండు కింద ఫోను పెట్టి రికార్డు చేసుకున్న స్త్రీకి అదొక్కటే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని వద్దనే హక్కు మనకు లేదు. మరి మన వైఖరి ఏమిటి?

నా దృష్టిలో గీత ఇక్కడ గీయాలి. తన మీద జరుగుతున్న హింసను రికార్డు చేయడం ఆత్మరక్షణ. అవతలి మనిషి తన తల్లితో, చెల్లెలితో, స్నేహితుడితో చెప్పుకున్న మాటల్ని పొంచి వినడం గూఢచర్యం. మొదటిది దెబ్బ తగిలిన చోటును చూపిస్తుంది, రెండోది మనసును జప్తు చేస్తుంది. జులై తీర్పు మొదటి రకం పరిధిలోని సంభాషణల గురించి, అంటే దంపతుల మధ్య మాటల గురించి. మన హైకోర్టు పాత తీర్పు రెండో రకం గురించి. కాని రేపు కుటుంబ న్యాయస్థానాల్లో ఈ తేడాను ఎవరు గుర్తు పెట్టుకుంటారు? 'సుప్రీంకోర్టు రికార్డింగులు ఒప్పుకుంది' అనే ఒక్క ముక్క వీధిలోకి వస్తుంది. ఫోను కొనిచ్చేదీ, లాకు తీసేదీ, అందులో నిఘా యాప్‌లు ఎక్కించే తెలివి ఉన్నదీ ఎక్కువగా ఎవరికి? చట్టం దృష్టిలో ఇద్దరికీ సమానంగా ఇచ్చిన ఆయుధం, అసమాన సమాజంలో ఒకరి చేతికే అందుతుంది. 'నిఘా పెట్టారంటే కాపురం చెడినట్టే' అన్న మాట కూడా నేను ఒప్పుకోలేను. కొలకలూరు కోడలి కాపురం చెడలేదు. నిఘాయే ఆ కాపురం పద్ధతి.

మనం అడగాల్సినవి

మన సంఘాలు ఈ విషయం మీద జిల్లా స్థాయిలో చర్చలు పెట్టాలని నా విన్నపం. హింసకు గురైనవారి రికార్డింగుకు, పొంచి విన్న రికార్డింగుకు మధ్య తేడాను కుటుంబ న్యాయస్థానాలు పాటించేలా న్యాయవాదులతో కలిసి పట్టుబట్టాలి. అలాంటి సాక్ష్యాన్ని మూసిన గదిలోనే వినాలి, ముక్కలు చేసి కాక మొత్తంగా స్త్రీకి ఇచ్చి జవాబు చెప్పుకోనివ్వాలి, దాని నకళ్ళు బంధువుల ఫోన్లలో తిరగకుండా చూడాలి. భార్య ఫోను మీద నిఘా కూడా వెంటాడే నేరం నిర్వచనంలోకి వస్తుందని మహిళా పోలీసులకు, అంతకన్నా ముందు మన ఆడపిల్లలకు తెలియజెప్పాలి. 497వ సెక్షనును 2018 సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇష్టపడి పెట్టుకున్న సంబంధం విడాకులకు కారణమైతే కావచ్చు, నేరం మాత్రం కాదు. శిక్ష వేసే అధికారం కోర్టుకే లేనప్పుడు మొగుడికి, అత్తింటికి, యూట్యూబుకు ఎక్కడిది?

ధారావాహికలను నిషేధించమని నేను అడగటం లేదు. సెన్సారు కత్తి ఎప్పుడూ ముందు ఆడవాళ్ళ మాటనే కోస్తుంది. సుచిత్ర పాత్రను అలా రాసినవారిని అడిగేదొక్కటే: ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పకపోవడం ఆమె హక్కు అని ఒక్క పాత్ర చేతనైనా ఎందుకు అనిపించలేదు? రాసిన వాళ్ళు చేయని పని చూసేవాళ్ళు చేయొచ్చు. మన గుంటూరులోనే పుట్టిన ఓల్గా, 'విముక్త' కథల్లో సీతను శూర్పణఖతో కూర్చోబెట్టి మాట్లాడించింది. మగవాళ్ళ కథలో ఒక మగవాడి కోసం శత్రువులైన ఇద్దరు స్త్రీలు, ఒకరి గతాన్ని ఒకరు విచారించకుండా ఒకరి బతుకు ఒకరు తెలుసుకున్నారు. సమంత, శోభితల అభిమానులమని చెప్పుకుని ఇద్దర్నీ బజారుకీడ్చేవాళ్ళు ఆ పుస్తకం చదివితే బాగుండును.

కొలకలూరు నుంచి వచ్చేసే రోజు, స్టేషనుకు బయల్దేరుతూ అత్తయ్యను అడిగాను: "ఇంతకీ లోనావాలాలో ఏం జరిగుంటదంటావ్ అత్తయ్యా?"

"జరిగితే ఆ పిల్లకి తెలుసు, జరక్కపోయినా ఆ పిల్లకే తెలుసు. మధ్యలో మనకెందుకే?" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ ఫోనుకి తాళం ఎట్టా ఏస్తారో వదిన దగ్గర నేర్చుకో" అంది.